బెంగళూరు దారిలో లేపాక్షి బసవన్న: దారి మళ్లడం సబబేనా?

ప్రశ్న: వచ్చే ఆదివారం అమ్మానాన్నలతో అనంతపురం నుంచి కారులో బెంగళూరు వెళ్తున్నాము. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. ఒక్క విగ్రహం కోసం రహదారి వదిలి లేపాక్షికి వెళ్లవచ్చా?

జవాబు: తప్పక వెళ్లండి. పెనుకొండ దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి వదిలి, కుడివైపు చిలమత్తూరు మీదుగా సాగితే లేపాక్షి వస్తుంది. బసవన్న రోడ్డు పక్కనే ఉన్నాడు కనుక నాన్నగారికి ఇబ్బంది ఉండదు. ఒకే రాతిలో సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున మలచిన ఆ విగ్రహాన్ని దూరం నుంచి చూసి తిరిగి రాకండి. మెడ దగ్గరికి వెళ్లి, గంటల పట్టెడలో ఒక్కొక్క గంటను శిల్పి ఎంత ఓపికగా చెక్కాడో చూడండి.

మరో జవాబు: పై మిత్రులు గుడిని మరిచారు. బసవన్న చూపు వీరభద్రాలయంలోని ఏడు పడగల నాగలింగం వైపే ఉంటుంది కాబట్టి, ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగమే చూసినట్టు. వేలాడే స్తంభం కూడా అక్కడే ఉంది. ఎండకు బండలు కాలుతాయి, చెప్పులు విడవాలి, పొద్దున్నే చేరండి.

అడిగినవారు: ధన్యవాదాలండీ. అయితే తెల్లవారుజామునే బయలుదేరతాము.