కుక్కల గ్లాకోమాలో గ్లుటమేట్ కథ ముగిసిపోయినట్టేనా?

డా. సుధ (పశువైద్యం)
ఈమధ్య ఇక్కడే వేరే చర్చలో ఒక సభ్యుడు ఇలా రాశారు: "గ్లుటమేట్ సంగతి మనుషుల్లో మెమాంటిన్‌తోనే తేలిపోయింది, కుక్కల్లో దాని గురించి మాట్లాడటం వృథా." ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే విడిగా మొదలుపెడుతున్నాను.

కొత్తవారి కోసం క్లుప్తంగా చెబుతాను. గ్లాకోమా అంటే కంటి లోపలి ప్రెషర్‌తో ముడిపడి చూపు నరం దెబ్బతినే జబ్బు. గ్లుటమేట్ నరకణాలు ఒకదానికొకటి సంకేతం అందించే రసాయనం. మెమాంటిన్ దాని రిసెప్టర్‌ను, అంటే కణం మీద దాన్ని అందుకునే చోటును, అడ్డుకునే మందు; మనుషుల గ్లాకోమా ట్రయల్స్‌లో అది విఫలమైంది. రెటీనాలో వెలుగును పట్టే కణాల నుంచి మెదడుకు సంకేతం పంపే గాంగ్లియన్ కణాల దాకా సమాచారం ప్రధానంగా గ్లుటమేట్ మీదే నడుస్తుంది. పని అయ్యాక దాన్ని రెటీనాలో ఆసరాగా ఉండే ముల్లర్ కణాలు లోపలికి లాక్కుని గ్లుటమిన్‌గా మార్చేస్తాయి. ఆ పని ఆగితే గ్లుటమేట్ బయటే పేరుకుపోతుంది, గాంగ్లియన్ కణాల్లోకి కాల్షియం విపరీతంగా చేరుతుంది, కణం చస్తుంది. 1957లో లూకస్, న్యూహౌస్ చిట్టెలుక పిల్లలకు గ్లుటమేట్ ఎక్కించినప్పుడు రెటీనా లోపలి పొరలు నాశనమయ్యాయి. 1969లో ఓల్నీ మెదడులోనూ అలాంటి నష్టమే చూపించారు. 1997లో గ్లాకోమా కుక్కల విట్రియస్‌లో, అంటే కంటి లోపలి జెల్లీలో, గ్లుటమేట్ ఎక్కువగా ఉందని ప్రచురించారు.

మనుషుల్లో ఎక్కువగా కనిపించే ఓపెన్ యాంగిల్ గ్లాకోమా (కంటి ద్రవం బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకం) ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది. కుక్కల్లో ప్రైమరీ యాంగిల్ క్లోజర్ (వేరే కంటి జబ్బు వల్ల కాకుండా ఆ కోణం మూసుకుపోయే రకం) వస్తే కంటి ప్రెషర్ ఒక్కసారిగా 50 mmHg దాటుతుంది, ఒకటి రెండు రోజుల్లో చూపు శాశ్వతంగా పోవచ్చు. మొదటి జబ్బులో పనిచేయని మందు రెండో దానికి తీర్పు ఎలా అవుతుంది?

ల్యాబ్‌కోటు
ఆ మాట రాసింది నేనే. ఇప్పుడూ అదే అంటాను.

1996లో గ్లాకోమా ఉన్న మనుషుల, కోతుల విట్రియస్‌లో గ్లుటమేట్ పెరిగిందని వచ్చింది. అందరూ దాని వెంట పడ్డారు. తర్వాత వేరే ల్యాబ్‌లు కోతుల్లో, ఎలుకల్లో, మనుషుల్లో మళ్ళీ కొలిస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. మెమాంటిన్ కోతుల్లో మేలు చేసింది. రెండు వేల మందికి పైగా రోగులతో నాలుగేళ్ళు నడిపిన రెండు పెద్ద ట్రయల్స్ మాత్రం విఫలమయ్యాయి, ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. మెదడు సంగతీ ఇంతే. స్ట్రోక్‌లో ఎన్‌ఎండీఏ అనే రకం గ్లుటమేట్ రిసెప్టర్లను అడ్డుకునే మందులు ఎలుకల్లో అద్భుతంగా పనిచేశాయి, సెల్ఫోటెల్ లాంటివి మనుషుల దగ్గరకొచ్చేసరికి చతికిలపడ్డాయి. ఇన్నిసార్లు ఓడిన సిద్ధాంతాన్ని కుక్కల పేరుతో మళ్ళీ ఎందుకు లేపాలి?

సూక్ష్మదర్శిని
సుధ గారూ, 1997 నాటి ఆ కుక్కల విట్రియస్ ఎప్పుడు తీశారు? చూపు పోకముందా, పోయాకా? ఇది తేలకుండా మిగతాదంతా గాలిలో మాటే.

డా. సుధ
బతికున్న, చూస్తున్న కంటి నుంచి విట్రియస్ ఎవరూ ఊరికే లాగరు కదండీ. అలాంటి నమూనాలు సాధారణంగా జబ్బు ముదిరిన కళ్ళ నుంచే దొరుకుతాయి.

సూక్ష్మదర్శిని
నా అభ్యంతరమూ అదే. చచ్చిన కణం పగిలితే లోపలున్న గ్లుటమేట్ బయటికి రాక ఎక్కడికి పోతుంది? న్యూరాన్ లోపల దాని గాఢత మిల్లీమోలార్లలో ఉంటుంది, బయట మైక్రోమోలార్లలో, అంటే అందులో వెయ్యో వంతు కొలమానంలో. కాలిపోయిన ఇంట్లో బూడిద తూచి నిప్పు ఎలా అంటుకుందో చెప్పలేం.

రాధిక_99
పాయింట్.

డా. సుధ
సరే, విట్రియస్‌ను పక్కన పెడదాం. 1992లో కుందేళ్ళ రెటీనాకు రక్తం ఆపి, మైక్రోడయాలిసిస్‌తో, అంటే కణజాలంలో సన్నని గొట్టం పెట్టి అక్కడి ద్రవాన్ని ఎప్పటికప్పుడు తీస్తూ, కొలిచారు. ఇస్కీమియా, అంటే రక్తం అందని, సమయంలోనే గ్లుటమేట్ విడుదల కనిపించింది. మెదడులో 1984లోనే చూశారు: ఎలుక హిప్పోకాంపస్‌కు పది నిమిషాలు రక్తం ఆగితే బయటి గ్లుటమేట్ దాదాపు ఎనిమిది రెట్లు పెరిగింది. ఇది బూడిద కాదు, మంట జరుగుతుండగా కొలిచింది. కుక్క కంట్లో ప్రెషర్ 60కి చేరినప్పుడు రెటీనాకు అందే రక్తం పడిపోతుంది. అందుకే మనిషిలో నెమ్మదిగా సాగే గ్లాకోమా కన్నా ఈ ఇస్కీమియా ప్రయోగాలే కుక్కకు దగ్గర.

2007లో గ్లాస్ట్ అనే ట్రాన్స్‌పోర్టర్ (గ్లుటమేట్‌ను ముల్లర్ కణాల్లోకి లాగే ప్రోటీన్) లేని చిట్టెలుకల్లో ప్రెషర్ మామూలుగానే ఉన్నా గాంగ్లియన్ కణాలు పోయాయి. గ్లుటమేట్ రిసెప్టర్‌ను అడ్డుకుంటే ఆ నష్టం ఆగింది. ఇది కూడా ఓడిన సిద్ధాంతమేనా?

ల్యాబ్‌కోటు
ఆ చిట్టెలుకల్లో ముల్లర్ కణాల గ్లుటథయోన్, అంటే ఆక్సీకరణ నష్టం నుంచి కణాన్ని కాపాడే పదార్థం, కూడా తగ్గింది. అంటే ఆక్సిడేటివ్ ఒత్తిడి కూడా కలిసింది. ఒక జన్యువు తీసేసిన జంతువులో ఒకేసారి రెండు మూడు చెడతాయి, మీకు కావలసిన ఒక్కదాన్నే చూపిస్తున్నారు. నేను ఎలుకలతో చాలాకాలం పనిచేశాను. జంతువులో కాపాడిన మందు రోగి దగ్గర ఎలా చేతులెత్తేస్తుందో చూసి చూసి విసిగిపోయాను. నాకు ఆ అనుభవం ఉంది, మీకు లేదు.

డా. సుధ
నాకు ఎలుకలతో అనుభవం లేదు, నిజమే. కానీ జంతువు నాకు నమూనా కాదు, నా రోగి. మీ వాదనంతా మనిషిని చివరి మెట్టుగా పెట్టుకుని నడుస్తోంది. కుక్కకు మందు పనిచేస్తుందా అని నేను అడుగుతుంటే మీరు మనిషి ట్రయల్ తెచ్చి చూపిస్తున్నారు.

సూక్ష్మదర్శిని
2004లో ప్రైమరీ గ్లాకోమా కుక్కల రెటీనాను పలుచని కోతలుగా తీసి పరీక్షించిన పని ఒకటుంది. దెబ్బతిన్న కణాల్లో గ్లుటమేట్ తగ్గిపోయిందని. కానీ కణం చావబోయే ముందు బయటికి పోయిందా, చచ్చాక పోయిందా? కోతలో కాలం కనిపించదు. నా ప్రశ్న అలాగే ఉంది.

బ్రూనో వాళ్ళమ్మ
నేను శాస్త్రం చదవలేదు. మా బ్రూనోకి కన్ను ఎర్రబడితే తీసుకెళ్ళాం. కండ్లకలక అని చుక్కలిచ్చి పంపారు. ప్రెషర్ కొలవలేదు. మళ్ళీ వెళ్తే అదే మందు కొనసాగించమన్నారు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి ఆ కన్ను చూపు పోయింది, నొప్పి వల్ల కన్ను తీసేయాల్సి వచ్చింది. మీరందరూ గ్లుటమేట్ ముందా వెనకా అని కొట్టుకుంటున్నారు. ఆ రోజు ఒక్క పరికరం కంటికి ఆనించి ఉంటే సరిపోయేది. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

పాత పశువైద్యుడు
అమ్మా, మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎర్రబడిన ప్రతి కంటికీ ప్రెషర్ చూడాలి. అది చూడకుండా కండ్లకలక అని పంపడం తప్పు.

ల్యాబ్‌కోటు
నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే! అక్కడ పోయింది గంటలు. మానిటాల్, లాటనోప్రోస్ట్ పెట్టి ప్రెషర్ దింపాల్సిన గంటలు. అలాంటి యజమానుల చెవిలో "నరాలను కాపాడే మందు" అన్న మాట పడిందనుకోండి, ఒక బిళ్ళ వేసి ఇంట్లో కూర్చుంటారు. సుధ గారూ, మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ మీలాంటివాళ్ళ మాటల వల్లే కళ్ళు పోతాయి.

డా. సుధ
ఈ చివరి వాక్యం వెనక్కి తీసుకోండి. ఈ చర్చలో నేను ఎవరికీ బిళ్ళ రాయలేదు. ప్రెషర్ వదిలేయమని ఎక్కడ అన్నాను? అత్యవసరంగా ప్రెషర్ దింపి 15కి తెచ్చాక కూడా చూపు తిరిగి రాని కుక్కలు ఎన్నో నా టేబుల్ మీద ఉంటాయి. ప్రెషర్ తగ్గింది, కణాలు మాత్రం చస్తూనే ఉన్నాయి. ఆ యజమాని నన్ను "ఇంకేమీ లేదా" అని అడిగితే నేను నేల చూపులు చూడాలి. నాకు ఆ తర్వాతి రోజుల గురించి సమాధానం కావాలి. మీకు అది అవసరం లేదు, ఎందుకంటే మీ ఎలుకకి యజమాని ఉండడు.

రాధిక_99
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ల్యాబ్‌కోటు
వెనక్కి తీసుకోను. కానీ ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మీరు కోరుతున్నది యజమానుల కుక్కల మీద ట్రయల్. దానికే నా అభ్యంతరం. కన్ను గుడ్డిదై నొప్పి పెడుతుంటే తీసేయడమే ఆ జంతువుకు మేలు. ట్రయల్ ఉందని తెలిస్తే "చూద్దాం, ఇంకో వారం చూద్దాం" అని ఆపుతారు. ఆ వారం నొప్పి భరించేది సంతకం పెట్టిన మనిషి కాదు. గ్లుటమేట్ కారణమో కాదో పక్కన పెట్టండి, ఆశ మీద నడిచే ట్రయల్‌లో కుక్క ఒప్పుకోలు ఎక్కడుంది?

బ్రూనో వాళ్ళమ్మ
నేనైతే సంతకం పెట్టేదాన్ని. మీరు దాన్ని ఆశ అంటున్నారు. వాడు గోడకు గుద్దుకుంటుంటే చూసినవాళ్ళకి అది వేరేలా ఉంటుంది. వాడి నొప్పి నాకు పట్టలేదని అనుకోకండి.

డా. సుధ
అభ్యంతరం ఇదే అయితే ముందే చెప్పాల్సింది, విట్రియస్ అంకెల వెనక దాక్కోకుండా. ఒప్పుకోలు ప్రశ్న బరువైనదే. అందుకే నేను కోరేది గుడ్డిదైన కంటిలో కాదు. ప్రెషర్ దిగి, ఇంకా కొంత చూపు మిగిలిన కంటిలో. మామూలు చికిత్స అన్ని కుక్కలకూ పూర్తిగా ఇచ్చి, దానిపైన సగం వాటికి రిసెప్టర్‌ను అడ్డుకునే మందు కలపాలి. నొప్పి తగ్గకపోతే ఆ కుక్కను అక్కడికక్కడే ట్రయల్ నుంచి తప్పించాలి. అలాంటి పని చేయకుండా "మనుషుల్లో ఓడింది" అని తలుపు మూయడం జంతువు పట్ల దయ కాదు.

సూక్ష్మదర్శిని
దాన్లో ఈఆర్‌జీ, అంటే వెలుగుకు రెటీనా ఇచ్చే విద్యుత్ సంకేతాన్ని కొలిచే పరీక్ష, పెడతారా? గాంగ్లియన్ కణాలను మామూలు ఫ్లాష్ ఈఆర్‌జీ సరిగా పట్టదు, మారే గళ్ళ బొమ్మ చూపించి చేసే ప్యాటర్న్ ఈఆర్‌జీ కావాలి. కుక్కకు మత్తిచ్చి చేస్తే ఆ మత్తే సంకేతాన్ని మార్చేస్తుంది. ముందు దీనికి సమాధానం చెప్పండి.

ల్యాబ్‌కోటు
"కొంత చూపు మిగిలిన" కన్ను అంటే ఎవరు నిర్ణయిస్తారు? మీరా, యజమానా? ఆశ ఉన్నవాళ్ళకి ఎప్పుడూ కొంత చూపు మిగిలే ఉంటుంది.

పాత పశువైద్యుడు
ట్రయల్ సంగతి మీరు మీరు తేల్చుకోండి. బ్రూనో వాళ్ళమ్మ గారికి ఒక మాట. ఒక కంటికి ప్రైమరీ గ్లాకోమా వస్తే రెండో కంటికీ ముప్పు ఉంటుంది. మందులేమీ వాడని కుక్కల్లో రెండో కంటికి సుమారు 8 నెలల్లో వచ్చిందనీ, ముందుగానే చుక్కలు మొదలుపెట్టిన కుక్కల్లో 30 నెలల దాకా ఆలస్యమైందనీ 2000లో ప్రచురించిన ట్రయల్ చెబుతుంది. దీనికి గ్లుటమేట్ వాదం తేలక్కర్లేదు. రెండో కంటికి చుక్కలు మొదలుపెట్టారా?

బ్రూనో వాళ్ళమ్మ
లేదండీ. ఎవరూ చెప్పలేదు.

డా. సుధ
ఈ వారమే కంటి నిపుణుల దగ్గర రెండో కంటి ప్రెషర్ కొలిపించండి. గోనియోస్కోపీ కూడా అడగండి, దానితో ద్రవం బయటికి పోయే దారి ఎంత తెరుచుకుని ఉందో తెలుస్తుంది. అది రాసి ఇస్తే ఏ చుక్కలో వాళ్ళు నిర్ణయిస్తారు.

ల్యాబ్‌కోటు గారూ, చూపును నిర్ణయించేది నేనూ కాదు, యజమానీ కాదు. ఏ కుక్కకు ఏ మందు పడిందో తెలియని మూడో డాక్టర్ నిర్ణయించాలి. ఇది ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి.

ల్యాబ్‌కోటు
మూడో డాక్టర్ చూపును కొలుస్తాడు. నొప్పిని కాదు. నొప్పిని ఎలా కొలుస్తారో, ఏ స్థాయిలో ఆపేస్తారో ముందే కాగితం మీద పెట్టండి, అప్పుడు చదువుతాను. అప్పటిదాకా నా సమాధానం కాదనే.