డెత్ వ్యాలీలోని కార్క్‌స్క్రూ శిఖరానికి ఒంటరి ప్రయాణం: సలహాలు కావాలి

ప్రశ్న: నమస్కారం. జనవరిలో ఒక రోజు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ జాతీయ ఉద్యానవనంలో, గ్రేప్‌వైన్ పర్వతాలలో ఉన్న 1,769 మీటర్ల కార్క్‌స్క్రూ శిఖరాన్ని ఒంటరిగా ఎక్కి, చీకటి పడేలోపు దిగిరావాలని అనుకుంటున్నాను. అక్కడ తీర్చిదిద్దిన కాలిబాట లేదు కనుక, దారి ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1: డేలైట్ పాస్ రోడ్డు నుంచి మొదట ఎండిన వాగు వెంట నడిచి, ఆపై నిటారుగా ఉండే గట్టు ఎక్కాలి. ఎక్కేటప్పుడు గట్లన్నీ శిఖరం వైపే కలుస్తాయి కనుక దారి తప్పడం కష్టమే. దిగేటప్పుడు మాత్రం అవే గట్లు పాయలుగా చీలుతాయి కాబట్టి, పైకి వెళ్తూనే ప్రతి చీలిక దగ్గరా వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. పటాన్ని ముందే ఫోన్‌లోకి దించుకోండి, ఎందుకంటే ఉద్యానవనంలో చాలాచోట్ల సిగ్నల్ అందదు.

జవాబు 2: పై సలహా బాగుంది. దారిలో నీరు దొరకదు. చలికాలమని తగ్గించకుండా కనీసం నాలుగు లీటర్లు మోసుకెళ్లండి. నా దృష్టిలో జనవరిలో ఎండ కంటే పొద్దు త్వరగా గూకడమే పెద్ద చిక్కు. తిరిగివచ్చే సమయాన్ని ఇంట్లోవారికి రాసి ఇవ్వండి, ఉపగ్రహ సందేశ పరికరం దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. వాన సూచన ఉంటే?

జవాబు 1: వాయిదా వేసుకోండి. దూరంగా కొండల మీద వాన పడినా వాగుకు హఠాత్తుగా వరద రావచ్చు.