ది ఎక్స్‌పాన్స్: నాలుగు ఎపిసోడ్లు అయ్యాయి, ఎవరు ఎవరి వైపో అర్థం కావట్లేదు

నిద్రపోని_చుక్క అడుగుతున్నారు:

చాలామంది చెప్పగా చెప్పగా చివరికి ఈ సైన్స్ ఫిక్షన్ సిరీస్ మొదలుపెట్టాను. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ వరకు వచ్చాను, దయచేసి ఆ తర్వాతి కథ ఎవరూ చెప్పొద్దు. యుద్ధం సీన్లు అదిరిపోయాయి, మార్స్ యుద్ధనౌకలో మన వాళ్ళు కూర్చున్న గదిలోంచి గుండు దూసుకుపోయి, వాళ్ళలో ఒకడైన షెడ్ తల ఎగిరిపోయినప్పుడు నేను నిజంగానే సోఫాలోంచి లేచి నిలబడ్డాను. కానీ పాత్రలే పట్టుబడట్లేదు. ఒక పక్క హోల్డెన్ బృందం, ఇంకో పక్క టోపీ పెట్టుకుని అమ్మాయి కోసం వెతికే డిటెక్టివ్, మరో పక్క భూమి మీద చీరల్లాంటి బట్టల్లో ఒక పెద్దావిడ. ఈ ముగ్గురికీ సంబంధం ఏంటి? హోల్డెన్ హీరోనా? అయితే ఇంత చప్పగా ఉన్నాడేంటి? ఇంకోటి, ఆవిడ పేరు అవసరాల అని వినగానే వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఆవిడ తెలుగావిడా? నటి ఎవరు? ఆపేయాలా, ఇంకొంచెం ఓపిక పట్టాలా, చెప్పండి.

బెల్టర్77:

ఆపకండి. నేను ఆరు సీజన్లూ, అంటే మొత్తం 62 ఎపిసోడ్లూ రెండుసార్లు చూశాను. మొదటిసారి నాకూ అచ్చం ఇదే ఇబ్బంది. పేర్లు గుర్తుపెట్టుకోవడం మానేసి, ప్రతి మనిషీ ఎక్కడ పుట్టి పెరిగాడో చూడండి చాలు. భూమి, మార్స్, బెల్ట్ (అంటే గ్రహశకలాల వలయం), ఈ మూడే. కథలో గొడవంతా అక్కడి నుంచే పుడుతుంది.

బెల్ట్‌లో పుట్టినవాళ్ళు తక్కువ గురుత్వాకర్షణలో పెరుగుతారు కాబట్టి పొడుగ్గా, ఎముకలు బలహీనంగా ఉంటారు. మొదటి ఎపిసోడ్‌లోనే అవసరాల ఒక బెల్టర్‌ని విచారణ పేరుతో వేలాడదీయిస్తుంది, గుర్తుందా? అక్కడ కొట్టేవాడు ఎవడూ ఉండడు, భూమి బరువే అతన్ని హింసిస్తుంది. ఆ ఒక్క సీన్‌లో ఆవిడ ఎంతకైనా తెగిస్తుందనీ తెలుస్తుంది, బెల్టర్లకు భూమి మీద ఎందుకంత కోపమో కూడా తెలుస్తుంది. వాళ్ళు మాట్లాడేటప్పుడు చేతులు ఊపడం గమనించండి. స్పేస్ సూట్‌లో ఉంటే తలూపినా అవతలివాళ్ళకు కనిపించదు కదా, అందుకని తరతరాలుగా చేతి సైగలు అలవాటయ్యాయన్నమాట. వాళ్ళ యాసను నిక్ ఫార్మర్ అనే భాషావేత్త ఒక భాషలా తయారుచేశాడు. "వెల్వాలా" అనే తిట్టు వినపడితే, తన జనాన్ని వదిలి భూమి, మార్స్ వాళ్ళకు అమ్ముడుపోయినవాడు అని అర్థం. మీరు చెప్పిన డిటెక్టివ్ మిల్లర్‌ని అంతా అలా ఎందుకు చూస్తారో ఇప్పుడు తెలుస్తుంది, బెల్ట్‌లో పుట్టి భూమి కంపెనీ జీతం మీద తన జనానికే పోలీసు పని చేస్తున్నాడు. ఆ పాత్ర చేసింది థామస్ జేన్.

హోల్డెన్ బృందంలోని నయోమీని (డొమినిక్ టిప్పర్) కూడా ఈ చెవితో వినండి. ఓడలో హోల్డెన్‌తో మాట్లాడేటప్పుడు ఒక యాస, బెల్టర్ల మధ్యకు వెళ్ళగానే ఇంకో యాస. ఎవరూ వివరించరు, ఆవిడ అలా మారిపోతుందంతే. నాకు సిరీస్ మొత్తంలో ఇష్టమైన నటన అదే.

అంతరిక్ష_పిచ్చి:

అవసరాల గురించి నేను చెప్తాను. ఇంటిపేరు మన తెలుగువాళ్ళదే, అందులో సందేహం లేదు. కథలో ఆవిడది భారతీయ మూలాలున్న కుటుంబం, అంతవరకే. నటి షోరే అగ్దాష్లూ, టెహ్రాన్‌లో పుట్టారు, 2003లో వచ్చిన ఒక సినిమాకు ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ గొంతు ఒక్కసారి వింటే మర్చిపోలేం. ఈ సిరీస్‌కు మూలమైన నవలల్లో అవసరాల రెండో పుస్తకంలో గానీ రాదు, సిరీస్‌లో మాత్రం మొదటి ఎపిసోడ్ నుంచే తెచ్చారు. అది చాలా మంచి పని, లేకపోతే భూమి వైపు ఏం ఆలోచిస్తున్నారో మనకు తెలిసేదే కాదు. తర్వాతి సీజన్లలో ఆవిడ తిట్లు ఇంకా పెరుగుతాయి, సిద్ధంగా ఉండండి!

హోల్డెన్ చప్పగా ఉన్నాడన్న మాట నేను ఒప్పుకోను. తను పనిచేసే ఓడ క్యాంటర్‌బరీ పేలిపోయాక అతను చేసిన ఒక్క ప్రసారం గుర్తు తెచ్చుకోండి. తనకు తెలిసింది అందరికీ తెలియాలని కెమెరా ముందు చెప్పేశాడు, దాంతో బెల్ట్‌లోని సెరెస్ స్టేషన్‌లో జనం రోడ్డెక్కారు, మార్స్, బెల్ట్ ఒకరి మీద ఒకరు కత్తులు నూరడం మొదలైంది. మంచితనంతో నిప్పు పెట్టే మనిషి అతను. స్టీవెన్ స్ట్రెయిట్ దాన్ని ఎక్కడా హీరోయిజంలా చూపించడు, అందుకే మొదట చప్పగా అనిపిస్తుంది.

బెల్టర్77:

అది ఒప్పుకుంటాను గానీ మొదటి సీజన్ వరకు నడిపించింది మిల్లరే. హోల్డెన్ నాకు రెండో సీజన్ దాకా ఎక్కలేదు.

తోకచుక్క:

అందరూ హోల్డెన్ బృందంలోని ఏమోస్‌ని మర్చిపోయారు. వెస్ చాథమ్. మీకు ఇప్పుడు ఏమోస్ భయంకరంగా కనిపిస్తుంటాడు, అది సహజమే. తనలో మంచీచెడూ చెప్పే గొంతు లేదని అతనికే తెలుసు, అందుకే ఆ పని నయోమీకి అప్పగించి ఆవిడ ముఖం చూసి నడుచుకుంటాడు. ఈ ఒక్క విషయం పట్టుకుని చూడండి, ప్రతి సీన్‌లో చెయ్యి ఎత్తే ముందు ఒకసారి ఆవిడ వైపు చూస్తాడు.

ఇక ఆ బృందంలోనే ఉన్న పైలట్ అలెక్స్ మార్స్ వాడు. అక్కడి మారినర్ లోయలో మొదట స్థిరపడింది భారతీయులు, చైనీయులు, టెక్సస్ వాళ్ళు, అందుకే కమాల్ అని పేరు పెట్టుకుని టెక్సస్ యాసలో మాట్లాడతాడు. ఇలాంటివి ఎంత ఆలోచించి పెట్టారో!

రెండో సీజన్‌లో ఇద్దరు వస్తారు, వాళ్ళ కోసమైనా ఆగండి. మార్స్ సైనికురాలు బాబీ డ్రేపర్ (ఫ్రాంకీ ఆడమ్స్), బెల్టర్ కమీనా డ్రమ్మర్ (కారా జీ). నవలల్లో నలుగురైదుగురు చేసే పనులు సిరీస్‌లో డ్రమ్మర్ ఒక్కదానికే ఇచ్చారు. మామూలుగా అలా చేస్తే పాత్ర అతుకుల బొంతలా తయారవుతుంది, ఇక్కడ మాత్రం సిరీస్‌కే వెన్నెముక అయింది. కారా జీ నిలబడే తీరు చూస్తేనే ఆ ఓడ ఎవరిదో తెలిసిపోతుంది. కథ చెప్పను.

యుద్ధాలు నచ్చాయన్నారు కదా, అవి అంత నమ్మకంగా ఉండటానికి కారణం ఉంది. సిరీస్ నడిపించిన నరేన్ శంకర్‌కు కార్నెల్‌లో పీహెచ్‌డీ ఉంది. ఓడ వేగం పెంచుకుంటూ పోతున్నప్పుడే కాళ్ళు నేలకు ఆనతాయి, ఇంజిన్ ఆగితే అందరూ తేలిపోతారు, అందుకే ఓడ లోపల అంతస్తులు ఒకదానిపై ఒకటి ఉండి ఇంజిన్ అడుగున ఉంటుంది. షెడ్ చనిపోయిన సీన్‌లో ఏడవడానికి కూడా టైమ్ ఉండదు, గోడల్లో పడ్డ కన్నాల్లోంచి గాలి పోతోంది, ముందు అవి మూయాలి. ఈ సిరీస్‌లో యాక్షన్ అంటే అదే.

2018లో సైఫై ఛానెల్ మూడో సీజన్‌తో దీన్ని ఆపేస్తే అభిమానులు అమెజాన్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు, మిగతా మూడు సీజన్లూ అమెజాన్ తీసింది. అంత పట్టుదల ఊరికే రాదు కదా.

నిద్రపోని_చుక్క:

అందరికీ థ్యాంక్స్ అండీ. మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టుకుని ఈసారి చేతులు చూస్తూ కూర్చున్నాను, సెరెస్ సీన్లలో మొదటిసారి పట్టించుకోనివి బోలెడు కనిపించాయి. ఏమోస్ నయోమీ వైపు చూడటం కూడా నిజమే. ఐదో ఎపిసోడ్ ఇప్పుడే మొదలుపెడుతున్నా. ఒక్కటి మాత్రం చెప్పండి, మిల్లర్ ఆ టోపీ ఎందుకు పెట్టుకుంటాడు? సెరెస్ లోపల ఎండా లేదు, వానా లేదు.

బెల్టర్77:

అది తెలియాలంటే చూస్తూనే ఉండాలండీ. ఐదో ఎపిసోడ్ అయ్యాక వచ్చి రాయండి.