7వ తరగతికి సంవత్సరాల వరస ఎట్లా ఎక్కించాలి?

పుత్తూరు సోషల్
పిలకాయలకు రాజుల పేర్లు వస్తాయి, వరస రాదు. కృష్ణదేవరాయలు ముందా, అక్బరు ముందా అంటే సగం క్లాసు గోడవైపు చూస్తుంది. గోడకున్న టైమ్‌లైన్ చార్టు వల్ల లాభం లేదు. 45 నిమిషాల పీరియడ్, 40 మంది, ఖర్చు పెద్దగా ఉండకూడదు. ఏం చేయొచ్చు?

పాకాల ఎస్‌ఏ
చార్టులో స్కేలు ఉండదు సార్, తప్పంతా అక్కడే. హరప్పాకీ అశోకుడికీ మధ్య రెండంగుళాలు, 1942కీ 1947కీ మధ్య కూడా రెండంగుళాలే. చూసే బిడ్డకు రెండూ ఒకటే దూరం. తాడు కట్టండి, కొలిపించండి.

5 మీటర్ల నవారు పట్టీ తీసుకోండి. నైలాన్ తాడు వద్దు, బిగించి కడితే సాగి గుర్తులన్నీ పక్కకు జరుగుతాయి. ఎడమ చివర నుంచి 3 మీటర్ల దగ్గర ఎర్ర రిబ్బను కట్టండి. క్రీస్తు శకం అక్కడ మొదలు. 1 సెం.మీ.కు 10 ఏళ్లు. ఏ కొలతైనా రిబ్బను నుంచే: క్రీ.పూ. అయితే ఎడమకు, క్రీ.శ. అయితే కుడికి. కళింగ యుద్ధం క్రీ.పూ. 261, అంటే ఎడమకు 26 సెం.మీ. హరప్పా నగరాలు క్రీ.పూ. 2600 ప్రాంతం, ఎడమకు 260. కృష్ణదేవరాయలు 1509, కుడికి 151. చివరి నుంచి కొలవనిస్తే క్రీ.పూ. లెక్క తిరగబడుతుంది. 261 చిన్న అంకె కదా అని 2600 కంటే ముందు పెట్టేస్తారు.

ఇద్దరికో కార్డు, మొత్తం 20. మొదటి పది నిమిషాలు నోటుబుక్కులో లెక్క, తర్వాత పదిహేను నిమిషాలు టైలర్ టేపుతో కొలిచి బట్టల క్లిప్పుతో తగిలించడం. మిగతా టైమంతా వాదనకు వదిలేయండి, అసలు పాఠం అప్పుడే జరుగుతుంది. స్కేలుతో కొలవనివ్వొద్దు. సున్నాకు ముందు అర సెంటీమీటరు ఖాళీ ఉంటుంది, స్కేలును పదిసార్లు జరిపితే 5 సెం.మీ. తేడా, అంటే 50 ఏళ్లు.

ఒక ఇబ్బంది ఉంది. 1857 నుంచి 1947 దాకా దీనిమీద 9 సెం.మీ. మాత్రమే, క్లిప్పులు పట్టవు. 1500 నుంచి 2000 వరకు ఇంకో పట్టీ కట్టాలి, 1 సెం.మీ.కు ఒక ఏడాది. అదీ 5 మీటర్లే వస్తుంది. 1509 అంటే 9 సెం.మీ., అక్బరు పట్టాభిషేకం 1556 అంటే 56. మీరడిగిన ప్రశ్నకు జవాబు పిలకాయలే వేలుపెట్టి చూపిస్తారు.

చిత్తూరు మేడం
రెండో పట్టీ మీద వందకో రంగు కాగితం అంటించండి, శతాబ్దాలు కూడా వచ్చేస్తాయి. "చివరి రెండంకెలు కొట్టేసి ఒకటి కలుపు" అనే చిట్కా 1600 దగ్గర తప్పుతుంది. అది 16వ శతాబ్దమే. రంగు 1501 నుంచి మొదలైతే ఆ గొడవ ఉండదు.

మన ప్రాంతం కార్డులు కలపండి. 1565 తళ్లికోట యుద్ధం, ఆ తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకూ అక్కడి నుంచి చంద్రగిరికీ మారడం. 1782 డిసెంబరులో హైదర్ అలీ మరణం, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో. 1911 చిత్తూరు జిల్లా ఏర్పాటు. 1919లో మదనపల్లెలో టాగూరు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చడం. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోవడం. 2022లో తిరుపతి జిల్లా. దీనికోసం పట్టీ చివర పావు మీటరు ఎక్కువ ఉంచుకోండి.

కాళహస్తి టీచర్
మేడం, స్థానికం ఐదు కార్డులు దాటితే పుస్తకంలోవి మరుగున పడతాయి. పరీక్షకు వచ్చేవి అవే కదా. నేనైతే 1911, 1960 పక్కన పెట్టి పటాల పాఠంలో చెప్పిస్తాను. ట్రేసింగ్ పేపరు మీద పాత జిల్లా ఒకటి, ఇప్పటి జిల్లా ఒకటి గీసి, ఒకదానిమీద ఒకటి పెడితే చాలు.

గుడిమల్లం శివాలయం కార్డు మాత్రం వదలొద్దు. అక్కడి లింగాన్ని చాలామంది పండితులు క్రీ.పూ. 2–1 శతాబ్దాలదంటారు, అందరి మాటా ఒకటి కాదు. కాబట్టి ఒక్క క్లిప్పు కుదరదు. మొదటి పట్టీ మీద, రిబ్బనుకు ఎడమన 20 సెం.మీ. పొడవు కాగితం అంటించండి. కొన్ని తేదీలకు చుక్క కాదు, వెడల్పు ఉంటుందని ఆరేడు తరగతులప్పుడే తెలియాలి.

చంద్రగిరి హిస్టరీ
శాసనం పాఠం వచ్చినప్పుడు క్రీ.శ.లోకి మార్చడానికి శక సంవత్సరానికి 78 కలపమని ఒక్క ముక్కలో ముగించకండి. కృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది శక 1434లో. 78 కలిపితే 1512. పుస్తకాల్లో 1513 ఫిబ్రవరి అని ఉంటుంది, తెలివైన పిల్ల వెంటనే పట్టేస్తుంది. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది. జనవరి నుంచి ఫాల్గుణం చివరి దాకా పడే రోజులకు 79 కలపాలి. ఉగాది దగ్గర క్యాలెండరు చూపిస్తే రెండు నిమిషాల పని.

చంద్రగిరి కోటకు తీసుకొస్తే శుక్రవారం వద్దు, మ్యూజియంకు సెలవు. 15 ఏళ్లలోపు వాళ్లకు టికెట్ ఉండదు. "కోట చరిత్ర రాయండి" అంటే బోర్డు మీదున్నది దించేస్తారు. కంటికి కనిపించేవే అడగండి: రాజమహల్‌కు ఎన్ని అంతస్తులు, రాణీమహల్‌కు ఎన్ని? కమాన్లు ఎక్కడ, గుడి శిఖరం లాంటివి ఎక్కడ? రెండూ ఒకే కట్టడంలో ఎందుకున్నాయి? లోపలికి పెన్నులు తేనివ్వొద్దు. ఒక్కో జట్టు ఒకే శిల్పం ఐదు నిమిషాలు చూసి, బయటికొచ్చి గీయాలి.

పాకాల ఎస్‌ఏ
ఇంట్లో అవ్వాతాతలను అడిగి రాసే పని ఇచ్చేవాళ్లకు ఒక మాట. అణాల గురించి అడగమనొద్దు. నయాపైసలు 1957లోనే వచ్చాయి, ఇప్పటి అవ్వల్లో చాలామందికి అణాలు గుర్తుండవు. మండలాలు వచ్చింది 1985లో. "అంతకుముందు తాలూకా ఆఫీసుకు ఏ ఊరికి పోయేవాళ్లు, ఎట్లా పోయేవాళ్లు?" అని అడిగిస్తే పేజీ నిండుతుంది. ఏడాది గుర్తులేదంటే "మీ పెళ్లికి ముందా, తర్వాతా?" అని అడగమనండి. పెళ్లి ఏడాది తెలిస్తే కార్డు పట్టీ మీదికి ఎక్కుతుంది.

పుత్తూరు సోషల్
ఈ సోమవారం మొదటి పట్టీతో మొదలుపెడతాను. నవారు ఎంత వెడల్పుది తీసుకోవాలి?

పాకాల ఎస్‌ఏ
రెండంగుళాలది, నూలుది. మంచాలు అల్లేవాళ్ల దగ్గర మీటరు లెక్కన దొరుకుతుంది. ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు సార్, మార్కరు ఇంకు చేతికి అంటుకుంటుంది. పిలకాయల కళ్ల ఎత్తులో, మధ్యలో ఇంకో రెండు మేకులు కొట్టి కట్టండి, లేకుంటే జారిపోయి కొలత తప్పుతుంది.