అప్‌డేట్: జాక్ రసెల్‌ను పందికొక్కుల మీదికి ఎప్పుడు వదలాలి?

బెంగళూరు యశవంతపురలోని మా బియ్యం గోదాములో పందికొక్కుల బెడద ఎక్కువని, తొమ్మిది నెలల జాక్ రసెల్ టెర్రియర్‌ను (చిన్న వేటకుక్క జాతి) పనిలో పెట్టవచ్చా అని ఇంతకుముందు అడిగాను. ఆరు నెలలు చాలని కొందరు, ఏడాది నిండాలని కొందరు చెప్పారు.

ఏడాది నిండేదాకా ఆగాను. శాశ్వత దంతాలు ఆరేడు నెలలకే వస్తాయి, నిజమే. కానీ పళ్లతో పాటు బుద్ధి రాదు కదా! మా కుక్క ‘మిరియం’కి ఉత్సాహం ఎప్పుడూ ఎక్కువే, పిలిస్తే రావడమే తక్కువ. పైగా పందికొక్కు మూలకు చిక్కితే తిరగబడి కరుస్తుంది. కుర్రకుక్క మొదటిసారే ముక్కు మీద గట్టి కాటు తింటే బెదిరిపోవచ్చు. అందుకే ముందు ఖాళీ బస్తాల దగ్గర చిన్న ఎలుకలతో మొదలుపెట్టాం.

వయసుకన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది కాబట్టి దాని టీకా రెండు డోసులూ పూర్తి చేయించాను. గోదాములోని ఎలుకల మందంతా తీసేయించాను. విషం తిన్న ఎలుకను కుక్క తింటే దానికీ ప్రమాదమే.

ఇంగ్లండ్‌లో ఈ జాతిని నక్కల బొరియల్లోకి పంపడానికే పెంచారు. మన దేశంలో నక్కల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను పందికొక్కు బొరియలోకి కూడా దూరనివ్వడం లేదు, పని అంతా నేల మీదే.

మొన్న మొదటి పందికొక్కును పట్టింది. హమాలీలు చప్పట్లు కొట్టారు. పిలవగానే దాన్ని వదిలి వచ్చింది, నాకు అదే సంతోషం. వర్షాలు మొదలయ్యాక రోజూ సాయంత్రం కాసేపు వదులుతాను.