ముక్క లేనిదే ముద్ద దిగని ఇంట్లో శాకాహారం పెంచడం ఎలా?

గోదారమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాద్ నిజాంపేటలో ఉంటున్నాం. ఇంట్లో ఐదుగురం: మా ఆయన, ఇద్దరు మగపిల్లలు, షుగరున్న మా అత్తగారు, నేను. శనివారం వెంకటేశ్వరస్వామి పేరు చెప్పి నీచు మానేస్తాం. మిగతా రోజుల్లో చికెనో, చేపలో, రొయ్యలో, ఏవీ లేకపోతే గుడ్డో ఉండాల్సిందే. ఎండురొయ్యలు వేయకుండా సొరకాయ వండానంటే "ఏంటిది, పథ్యమా?" అంటారు.

మొన్న మా ఆయన రక్తపరీక్ష రిపోర్టుల్లో కొవ్వులు, అంటే ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) రెండూ ఎక్కువ వచ్చాయి. డాక్టరుగారు మాంసం, వేపుళ్లు తగ్గించి పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు పెంచమన్నారు. పూర్తిగా మానమనలేదు. వారంలో సగం రోజులైనా కూరగాయలతో లాగించాలని నా ఆలోచన.

కానీ నేను కూరగాయలు వండిన రోజు ఎవరూ సరిగ్గా తినరు. రెండు ముద్దలు తిని లేస్తారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి పెద్దోడు ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెడతాడు. పనీర్ తెస్తే నాలుగు రోజులకే మొహం మొత్తింది, పైగా ఖర్చు. పెద్దోడు జిమ్‌కి వెళ్తున్నాడు, ప్రొటీన్ సరిపోతుందో లేదోనని నాకు ఇంకో టెన్షన్. మీలో ఎవరైనా ఇలా మార్చుకున్నవాళ్లుంటే ఏం వండారో, ఎలా అలవాటు చేశారో చెప్పండి. ఓట్స్, సలాడ్లు, బ్రోకలీ మాత్రం చెప్పకండి, మా ఇంట్లో అవి నడవవు.

మిర్చియార్డు:
ముందు మీ పెద్దోడి ఫోన్లో ఆ యాప్ తీసేయించండి, సగం సమస్య తీరిపోతుంది. మీరొక్కరే కాదులెండి, 2014లో కేంద్రం చేసిన సర్వేలో ఆంధ్ర, తెలంగాణ రెండింట్లోనూ నూటికి 98 మంది మాంసాహారులమే అని తేలింది. అయినా కార్తీక మాసం నెల్లాళ్లూ మా ఇంట్లో నీచు ముట్టం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నెలలో మీ అమ్మగారు, అత్తగారు ఏమేం వండేవారో ఒక కాగితం మీద రాసుకోండి. కొత్తగా వెతుక్కోవాల్సిన పనే ఉండదు.

పలనాటి పెద్దమ్మ:
అమ్మాయ్, మాది నరసరావుపేట. చాలా ఏళ్లు కాలేజీ పిల్లలకి మెస్ నడిపినదాన్ని, తినకుండా లేచిపోయే పిల్లల సంగతి నాకు బాగా తెలుసు.

చికెన్ వండే రోజు నువ్వేం చేస్తావో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. అల్లం వెల్లుల్లి అప్పటికప్పుడు నూరతావు, ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తావు, ధనియాలు, గసగసాలు, కొబ్బరి మసాలా చేస్తావు, గంటసేపు పొయ్యి దగ్గర నుంచి కదలవు. మరి కూరగాయ రోజు? కుక్కర్లో పప్పు పడేసి, బెండకాయ తరిగి ఇంత ఉప్పూ కారం చల్లి దించేస్తావు. ఆ కూర మీద నీకే గౌరవం లేకపోతే వాళ్లకెక్కడ నుంచి వస్తుంది? మాంసానికి పడే కష్టంలో సగం వంకాయకి పెట్టి చూడు.

గుత్తి వంకాయతో మొదలుపెట్టు. వేరుశెనగలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి విడివిడిగా వేయించి, చింతపండుతో గట్టిగా నూరి కాయల్లో కూరు. మిగిలిన ముద్దని ఇగురులో కలిపేయి. సన్నసెగ మీద మూతపెట్టి మగ్గనివ్వు. కాయ మెత్తబడగానే దించకు, నూనె పైకి తేలాక దించు. తేడా అంతా ఆ ఆఖరి పది నిమిషాల్లోనే ఉంది. నూనె మాత్రం కొలిచి పోయి, మీ ఆయన కోసం.

జిమ్ కుర్రాడికి మీల్ మేకర్. చాలామంది వేడినీళ్లలో వేసి తీసి నేరుగా కూరలో పడేస్తారు, అందుకే అది అట్టముక్కలా ఉంటుంది. వేడినీళ్లలో నానాక గట్టిగా పిండు. చన్నీళ్లలో వేసి మళ్లీ పిండు. ఆ పచ్చి సోయా వాసన ఆ నీళ్లతోనే పోతుంది. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, గరంమసాలా పట్టించి అరగంట పక్కన పెట్టి అప్పుడు వండు.

ఇంకొకటి. ఉలవచారు కాచేటప్పుడు అందరూ కట్టు వంచుకుని ఉలవల్ని పారేస్తారు, పల్లెల్లో అయితే గేదెకి పెట్టేస్తారు. బలమంతా వాటిలోనే ఉంటుంది తల్లీ. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త కొబ్బరి వేసి గుగ్గిళ్లు తాలించు, సాయంత్రం పిల్లలకి పెట్టు. కడుపు నిండుగా ఉంటే రాత్రి తొమ్మిదికి ఫోన్ తియ్యరు.

నీచు రోజుల్లో కూడా ముక్క తగ్గించు. కిలో చికెన్ బదులు అరకిలో తెచ్చి గోంగూరతో వండు. రొయ్యల్లో వంకాయో, మామిడికాయో వెయ్యి. దోసకాయ మాంసం, సొరకాయ మాంసం, చింతచిగురు మాంసం మన పెద్దవాళ్లు వండినవే కదా, ఇంటిల్లిపాదికీ పావుకిలో మాంసం సరిపెట్టడానికి. మీ ఎండురొయ్యల సొరకాయని ఏమీ అనకు, అది బంగారం లాంటి కూర.

తార్నాక విద్యార్థి:
న్యూట్రిషన్ చదువుతున్నాను అక్కా. ప్రొటీన్ లెక్క చెప్తాను. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. జిమ్ చేసేవాళ్లకి ఇంకాస్త కావాలి. కందిపప్పు 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మీ ఐదుగురికి 150 గ్రాముల పప్పు వండారనుకోండి, మొత్తం 33 గ్రాములు, తలకి ఆరున్నర. ఒక్క గుడ్డుతో సమానం, అంతే! మనం పప్పు తింటున్నాం అనుకుంటాం కానీ తినేది పప్పు నీళ్లు కలిపిన అన్నం. పప్పు చిక్కగా చేసి అన్నం తగ్గించండి. పొడి మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాములకి పైనే ఉంటుంది కాబట్టి పాతిక గ్రాములు వండినా పన్నెండు దాటుతుంది.

ట్రైగ్లిజరైడ్ల విషయంలో ఒక మాట. మాంసం మానేసి దాని బదులు ఆలూ ఫ్రై, పూరీ, రెండు పళ్లేల తెల్లన్నం తింటే అవి తగ్గవు. అన్నం, తీపి, మద్యం ఎక్కువైనా పెరుగుతాయి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి, ఐరన్ బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే అది తగ్గిపోతుంది.

మీ అత్తగారు షుగరుకి మెట్‌ఫార్మిన్ అనే మందు వాడుతుంటే బీ12 పరీక్ష గురించి డాక్టరుని అడగండి. ఆ మందు వల్ల బీ12 తగ్గే అవకాశం ఉంది, మొక్కల నుంచి వచ్చే తిండిలో అది దాదాపు దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు ఆపొద్దు.

కరీంనగర్ శీను:
పెద్దమ్మా, మీ మాట కాదనను కానీ ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో రోజూ గంటసేపు పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారు? మా ఇంట్లో వంట నాదే. ఆదివారం శనగలు, బొబ్బర్లు ఉడకబెట్టి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడతా, బుధవారం దాకా వస్తాయి. రాత్రిపూట అన్నం ఎత్తేశాం. జొన్నరొట్టె, బొబ్బర్ల కూర, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. చలికాలం అనపకాయలు వచ్చినప్పుడు ఆ గింజల కూర వండితే మా నాయన మటన్ గురించి అడగనే అడగడు. ఇంకేదీ కుదరని రోజు పెసరట్టు, అల్లం పచ్చడి. పెసలు పొద్దున నానేస్తే చాలు, అది కూడా ప్రొటీనే.

గోదారమ్మాయి:
అందరికీ థాంక్స్ అండి. పెద్దమ్మగారూ, మీల్ మేకర్ మీరు చెప్పినట్టే రెండుసార్లు పిండి చేశాను. చిన్నోడు మళ్లీ పెట్టించుకున్నాడు. మా ఆయన "బానే ఉంది కానీ ముక్క ముక్కే" అన్నారు, అయినా పళ్లెం ఖాళీ చేశారు. పెద్దోడు రాలేదు, ఫ్రెండ్స్‌తో బయట తిన్నాడట. శీనుగారి పెసరట్టు రేపు రాత్రికి. ఒకటే అనుమానం: ఉలవలు, శనగలు తింటే మా అత్తగారికి కడుపుబ్బరం అంటున్నారు. ఏం చేయాలి?

పలనాటి పెద్దమ్మ:
రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి మెత్తగా ఉడికించు. తాలింపులో ఇంగువ, వాము వెయ్యి. ఆవిడకి మొదట్లో రెండు చెంచాలే పెట్టు, పొట్టుతీసిన పెసరపప్పు అయితే ఇంకా తేలిక. ముందు ఆవిడకి కిడ్నీ ఇబ్బంది లేదని డాక్టరుని అడిగి తెలుసుకో, ఉంటే పప్పులు ఎంత తినాలో ఆయనే చెప్తాడు. పెద్దోడికి గుగ్గిళ్లు జిమ్ నుంచి రాగానే చేతికివ్వు, టేబుల్ మీద పెట్టి పిలిస్తే రాడు.