‘గుర్తింపు’, ‘విముక్త’, ‘నోటిఫై’: మూడూ ఒకటేనా?

ప్రశ్న: కులాల సంగతి వచ్చేసరికి ‘గుర్తింపు పొందిన’, ‘విముక్త’, ‘నోటిఫై అయిన’ అనే మాటల్ని కలగాపులగం చేసేస్తున్నారు. తేడా ఏమిటి?

జవాబు: ‘గుర్తింపు’లో ఉన్నది ‘గుర్తు’. అది గౌరవానికీ పనికొస్తుంది, నిఘాకీ పనికొస్తుంది. కొన్ని జాతుల్ని మొత్తంగా నేరస్థులని ముద్రవేసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. గెజిట్‌లో జాతి పేరు పడిందా, ఇక వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు. స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలపుదే. అదీ ‘నోటిఫై’ చేయడమే! మద్రాసులో ఆ చట్టం 1947లోనే పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అలా ‘డీనోటిఫై’ అయినవాళ్లే విముక్త జాతులు. ఈ మాట మచ్చ తుడుస్తుందే తప్ప రిజర్వేషన్ ఇవ్వదు.

మరొకరు: ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఎవరికో తేల్చేది రాజ్యాంగంలోని 341, 342 అధికరణల కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు. ఇప్పుడు ‘నోటిఫై అయిన’ కులమంటే అందులో పేరున్నదే. అందులో పేరు చేర్చాలన్నా తీయాలన్నా పార్లమెంటు చట్టం చేయాల్సిందే. ‘ఇదీ అదీ ఒకటే’ అని కోర్టు కూడా కలపకూడదని 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఎస్టీ జాబితాలో ‘ఎరుకల’ పక్కన కొరచ, డబ్బ ఎరుకల, ఉప్పు ఎరుకల అని శాఖలు విడిగా ఎక్కాయి. అసలు మాట దబ్బ, అంటే బుట్టలల్లే వెదురు బద్ద. ఇంగ్లిషు అక్షరాల్లోంచి తిరిగొచ్చేసరికి రేకు డబ్బా అయి కూర్చుంది.

ప్రశ్న: వాల్మీకి, బోయ ఒకటే అంటారు కదా?

జవాబు: జనం నోట ఒకటే, జాబితాలో కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వాల్మీకి ఎస్టీ. అనంతపురం మైదానంలో వాల్మీకి బోయ బీసీ-ఏ. లంబాడీలకూ తెలంగాణలో ఎస్టీ హోదా 1976 సవరణ చట్టంతోనే వచ్చింది, ఆంధ్ర ప్రాంతంలో అంతకుముందే ఉంది.

కొత్త పేరు చేరాలంటే రాష్ట్రం సిఫార్సు చేయాలి, జనగణన చూసే రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలి, జాతీయ ఎస్సీ లేదా ఎస్టీ కమిషన్ సరేననాలి, ఆ తర్వాతే బిల్లు. ఎక్కువగా చిక్కుకునేది రెండో మెట్టు దగ్గర. సర్టిఫికెట్ దగ్గర బాధ వేరు: బడి టీసీలో ‘బంజార’, తండ్రి కాగితాల్లో ‘నాయక్’ ఉంటాయి. వీళ్లకు నాయక్ బిరుదు మాత్రమే; జాబితాలో ఉన్న ఏజెన్సీ ప్రాంతపు ‘నాయక్’లు వేరే తెగ. విచారణ అక్కడే ఆగుతుంది. దరఖాస్తులో ‘సుగాలి’, ‘లంబాడి’, ‘బంజార’ల్లో ఒకటి, జాబితాలో ఉన్నట్టే రాయాలి.

ప్రశ్న: అయితే ‘షెడ్యూల్డ్’ కులం, తెగ అనే చోట తెలుగులో ‘గుర్తింపు పొందిన’ అని రాయకూడదన్నమాట.

జవాబు: రాయొద్దు. ‘అనుసూచిత’ హిందీవాళ్ల మాట, మన నోట నలగలేదు. ‘షెడ్యూల్డ్’ అనే ఉంచేయండి.